బాత్రూం కొత్తగా చేయించాక కింద గది సీలింగ్‌కి నీటి మరక: టైల్స్ అన్నీ పగలగొట్టక తప్పదా?

బొండంనీళ్ళు · ఉద్యోగం హైదరాబాద్, సొంతూరు అంబాజీపేట దగ్గర

అందరికీ నమస్కారమండి. ఊళ్ళో మా ఇంట్లో మేడ మీద బాత్రూం పెద్ద పండక్కి ముందు కొత్తగా చేయించాం. చెల్లికి కొత్తగా పెళ్ళయింది, అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడు. ఇంకేముంది, పని హడావుడిగా అయింది. పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అతికించారు. పాతవి కొడితే శ్లాబు అదురుతుందని మేస్త్రి అన్నారు. కమోడ్, కుళాయిలు, గీజర్ లైను అన్నీ కొత్తవి.

పండక్కి ఏ ఇబ్బందీ రాలేదు. వేసవిలో పెళ్ళిళ్ళకి చుట్టాలు దిగి రోజూ ఏడెనిమిది మంది స్నానాలు చేశాక కింద భోజనాల గది సీలింగ్‌కి మరక కనిపించింది. మొదట పళ్ళెమంత ఉండేది, ఇప్పుడు అరిటాకంత అయింది. కమోడ్‌కి సరిగ్గా కిందే ఉంది. ఇది కాక మెట్ల పక్క గోడకి కూడా కింద చెమ్మ వస్తోంది.

మేస్త్రి "కొత్త పని కదండీ, లోపలి తేమ బయటికొస్తోంది, ఓ కోటు రంగేస్తే పోద్ది" అంటున్నారు. ఇంకో కాంట్రాక్టర్‌ని పిలిస్తే మొత్తం పగలగొట్టి మొదట్నుంచి చెయ్యాలన్నారు. అమ్మకి టెన్షన్, నాకు సెలవు దొరకదు. ఏం చేయమంటారు?

టైల్స్‌కొట్టు · తణుకు

పగలగొట్టకండి. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చేది అర శాతం కూడా ఉండదు. నీళ్ళు దిగితే సందుల్లోంచే దిగాలి. మీ మేస్త్రి సందుల్లో తెల్ల సిమెంట్ పూసి ఉంటాడు. అది గీకించి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి, ఒక్క పూట పని.

దిక్సూచి · రాజమండ్రి

భోజనాల గది నెత్తిన బాత్రూం పెట్టడమే మొదటి తప్పు. వాయవ్యానికి మార్చుకోండి, అన్నీ సర్దుకుంటాయి.

కాజాబాబు · తాపేశ్వరం

వాయవ్యానికి మార్చినా నీళ్ళు కిందికే కారతాయి కదండీ గురువుగారూ.

పంపుసెట్టు · రావులపాలెం

నేను ప్లంబింగ్ పని చేస్తానండి. సుత్తి, రంగు, గ్రౌట్ అన్నీ పక్కన పెట్టండి. ముందు అవి ఏ నీళ్ళో తేలాలి. గోడలో కుళాయి పైపుంటుంది, అందులో రాత్రీ పగలూ నీళ్ళు నిండే ఉంటాయి. డ్రైన్ పైపులో వాడినప్పుడే నీళ్ళు పారతాయి. నేల తడిస్తే దిగే నీళ్ళు వేరు. మూడింటికీ పరీక్ష వేరు.

ముందు సీలింగ్ మీద మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీయించండి. బాత్రూం వాడకం ఆపేసి దాని గేట్ వాల్వ్ కట్టేయండి. రెండు మూడు రోజుల్లో మరక ఆరుతూ వస్తే నీళ్ళు బాత్రూంవే. అప్పుడు వాల్వ్ తెరవండి కానీ ఎవరూ వాడొద్దు. తడి మళ్ళీ గీత దాటితే గోడలో పైపు. దాటకపోతే పైపు జోలికి పోనక్కర్లేదు.

ఒక మాట అడగాలి, ప్రెషర్ పంపు పెట్టించారా? మేడ మీద ట్యాంకు నుంచి కుళాయికి పది అడుగుల ఎత్తుంటే వచ్చే ఒత్తిడి సుమారు 0.3 బార్. పంపు పెడితే అది ఒకటిన్నర, రెండు బార్‌లకి పోతుంది. అన్నేళ్ళూ కారని పాత జాయింట్లు అప్పుడు కారడం మొదలెడతాయి.

బొండంనీళ్ళు

పంపు లేదండి. గీత గీయమని నాన్నకి చెప్పాను. స్టూలు ఎక్కొద్దంటే వినలేదు, ఆయనే ఎక్కి గీసి ఫోటో పెట్టారు.

మండువాఅమ్మాయి · పాలకొల్లు

మాకూ ఇలాంటిదే అయింది తమ్ముడూ. మా ఇంట్లో హెల్త్ ఫాసెట్ యాంగిల్ కాక్ దగ్గర కారింది. గోడకి ఆనుకుని గుండ్రటి స్టీల్ బిళ్ళ ఉంటుంది కదా, ఫ్లాంజ్ అంటారు, దాన్ని ముందుకి లాగి వెనక వేలు పెట్టి తడమమను. మర దగ్గర టేపు సరిగ్గా చుట్టకపోతే నీళ్ళు బయటికి రాకుండా టైల్ వెనక నుంచే దిగుతాయి. పైకి ఏమీ కనపడదు. మా ప్లంబర్ గోడంతా కొట్టాలన్నాడు, తీరా చూస్తే తేడా అంతా ఆ మర దగ్గరే.

పాత_ఏఈ · ధవళేశ్వరం

ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. పంపుసెట్టు గారు చెప్పిన వరస సరైనది. టైల్స్‌కొట్టు గారితో మాత్రం ఏకీభవించను. సీలింగ్‌కి మరక పడేంత నీళ్ళు గ్రౌట్ సందుల్లోంచే దిగాయంటే నమ్మడం కష్టం. తడి లోపల ఉండగా పైన ఎపాక్సీ పెడితే ఆ నీళ్ళు ఇంకో దారి చూసుకుంటాయి.

మెట్ల పక్క గోడ సంగతి విడిగా చెప్పండి. చెమ్మ నేల నుంచి ఎంత ఎత్తు వరకు ఉంది? ఎప్పటినుంచి? కాలవకి నీళ్ళు వదలకముందు ఉందా, వదిలాకే వచ్చిందా?

టైల్స్‌కొట్టు

ఏఈ గారూ, నేను రోజూ చూసే కేసులండీ ఇవి. పది ఇళ్ళలో సగం ఇళ్ళకి గ్రౌట్‌తోనే సరిపోయింది.

పాత_ఏఈ

సరిపోయిన వాళ్ళు మీ కొట్టుకి మళ్ళీ రారు. సరిపోని వాళ్ళు సిగ్గుపడి రారు. ఆ లెక్క ఎలా తేలుతుంది చెప్పండి!

రొయ్యలచెరువు · భీమవరం

మరక మీద తెల్లటి పొడి ఉందా? మా వైపు బోరు నీళ్ళు ఉప్పు. మా పిన్నిగారింట్లో మాల్ కలపడానికీ, తడపడానికీ బోరు నీళ్ళే వాడారు, ఏడాది తిరక్కుండా గోడలన్నీ తెల్లగా పూసి పెచ్చులూడాయి. లీకేజీ అనుకుని ప్లంబర్లని తిప్పారు పాపం.

పాత_ఏఈ

మంచి పాయింట్. కాంక్రీట్ పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఊచ ఉన్న కాంక్రీట్‌కి వాడే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు. తీరం వైపు చాలా బోర్లు ఈ పరీక్షకి నిలబడవు. ఉప్పు వల్ల ఊచ తుప్పు పడితే ఉబ్బి, కింద ప్లాస్టరింగ్‌ని తోసేస్తుంది. బొండంనీళ్ళు గారూ, మరక ఉన్నచోట కర్రతో మెల్లిగా తట్టించండి. బోలుగా మోగితే ఆ కింద ఎవరినీ కూర్చోనివ్వకండి, ఎవరైనా ఇంజనీర్‌కి చూపించండి.

బొండంనీళ్ళు

మాల్‌కి పంచాయతీ కుళాయి నీళ్ళే వాడారండి. తట్టి చూశారు, గట్టిగానే ఉంది. ఫ్లాంజ్‌ల వెనకా పొడిగానే ఉంది అక్కా.

వాల్వ్ కట్టేశాక మరక బాగా ఆరింది. వాల్వ్ తెరిచి వాడకుండా ఉంచాం, గీత దాటలేదు. కాబట్టి కుళాయి లైను కాదు.

మెట్ల గోడ: చెమ్మ జూన్ నెలాఖరు నుంచి. నేల నుంచి మూడడుగులు దాటి, అడ్డంగా పట్టీలాగా ఉంది. పైన తెల్లగా పొడి. నాన్న చెప్పేదేంటంటే ఆ గోడకి ఏటా కింద రంగు రాలేది, అందుకే ఈసారి బాత్రూం టైల్స్ మిగిలితే అక్కడ మూడడుగులు అతికించేశారు. ఇప్పుడు చెమ్మ టైల్స్ పైకొచ్చింది.

పాత_ఏఈ

అది మీ బాత్రూం నీళ్ళు కాదండి. నేల చెమ్మ. జూన్‌లో కాలవలకి వదిలాక, సార్వా ఊడ్పులకి చేలన్నీ నిండాక మన మధ్య డెల్టాలో భూమిలో నీటిమట్టం పైకొస్తుంది. పాత ఇళ్ళ పునాది మీద చెమ్మ ఆపే పొర ఉండదు, ఇటుక కింద నుంచి నీళ్ళు పీలుస్తుంది. ఇదివరకు ఆ తేమ గోడ అడుగునే గాలికి ఆరిపోయేది, రంగు రాలేది, అంతే. మీరు టైల్స్‌తో మూసేసరికి ఆరే చోటు లేక పైకెక్కింది. లీకేజీ మరకకి ఒక నడిబొడ్డు ఉంటుంది, అక్కణ్ణించి చుట్టూ పాకుతుంది. నేల చెమ్మ ఇలాగే అడ్డపట్టీగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది.

ఆ టైల్స్ తీయించండి. పాత గోడ సున్నం కట్టుబడి అయితే సిమెంట్ ప్లాస్టరింగ్ కూడా చెమ్మ గీత పైన ఒక అడుగు దాకా కొట్టించి సున్నంతో చేయించండి. ఖర్చు పెట్టగలిగితే గోడ అడుగున రంధ్రాలు వేసి నీటిని వికర్షించే సిలేన్ మందు ఎక్కించే పద్ధతి ఉంది. అది మళ్ళీ వేసవిలో, కాలవలు కట్టేశాక చేయించే పని. ఇప్పుడు చేస్తే డబ్బు గోదాట్లో పోసినట్టే.

కాజాబాబు

అయితే మెట్ల గోడకి బాధ్యులు కాటన్ దొరగారన్నమాట. 1852లో ఆనకట్ట పూర్తిచేసినాయనకి ఇప్పుడు నోటీసు ఎవరిస్తారో!

బొండంనీళ్ళు

😀 నాన్నకి చదివి వినిపించాను. "దొరగారి జోలికి రావొద్దను" అన్నారు.

ఈలోగా మేస్త్రి వచ్చి బాత్రూంలో నీళ్ళు నింపి చూశారు. జాలీ మూసేసి నాలుగు అంగుళాలు నింపి ఒక రోజంతా ఉంచారు. కింద చుక్క లేదు, మరక గీత దాటలేదు. "చూశారా, నా నేల రాయిలా ఉంది, శ్లాబులో పాత డ్రైన్ పైపు పోయింది, అది మీ పాత ప్లంబర్ పని" అంటున్నారు. అంటే శ్లాబు కొట్టాల్సిందేనా?

పంపుసెట్టు

ఆగండాగండి. జాలీ ఎలా మూశారు? గుడ్డ ఎక్కడ కుక్కారు?

బొండంనీళ్ళు

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ప్లాస్టిక్ సంచిలో ఇసుక పోసి జాలీ మీద పెట్టారట.

పంపుసెట్టు

ఆయ్, అక్కడుందండి అసలు సంగతి.

పాత టైల్స్ మీద కొత్తవి అతికిస్తే నేల ఎంత లేచింది? కొత్త టైలూ, కింద గమ్మూ కలిపితే దగ్గర దగ్గర ముప్పావు అంగుళం. కానీ నహానీ ట్రాప్, అంటే జాలీ కింద నీళ్ళు దిగే గిన్నెలాంటి పైపు ముక్క, దాని మూతి పాత నేల ఎత్తులోనే ఉండిపోతుంది. కొత్త జాలీకీ పాత ట్రాప్ మూతికీ మధ్య ఓ గుండ్రటి ఖాళీ. అక్కడ రైజర్, అంటే ట్రాప్ ఎత్తు పెంచే పైపు ముక్క, పెట్టి అతికించాలి. చాలామంది కాస్త తెల్ల సిమెంట్ రాసి జాలీ కూర్చోబెట్టేస్తారు. స్నానం నీళ్ళు జాలీలోంచి దిగి, ట్రాప్‌లోకి పోతూ పోతూ కొంత పక్కకి, పాత టైలుకీ కొత్త టైలుకీ మధ్య సందులోకి పోతాయి. అక్కడ తిరిగి తిరిగి శ్లాబుకి ఎక్కడ బొక్క దొరికితే అక్కడ కిందికి దిగుతాయి. మీ ఇంట్లో ఆ బొక్క కమోడ్ పైపు చుట్టూ ఉండొచ్చు. అందుకే మరక కమోడ్ కింద ఉంది, జాలీ కింద లేదు.

సంచి జాలీ మీద పెడితే నీళ్ళు ఆ ఖాళీ దాకా చేరనే చేరవు. ఆ పరీక్షతో తేలింది పైన టైల్స్ సందులు బాగున్నాయని మాత్రమే.

జాలీ ఊడదీసి లోపలికి సెల్ టార్చ్ వేసి ఫోటో తీయించండి. తర్వాత ముందు ఒక గొట్టం ట్రాప్ లోతుకి దింపి, అంచులు తడవకుండా నాలుగైదు బకెట్లు పోయించండి. కింద ఏమీ లేకపోతే డ్రైన్ పైపు మంచిది. ఆ తర్వాత గుడ్డని కవర్‌లో చుట్టి ట్రాప్ లోపలికి, పాత మూతి కంటే కిందికి, బిగించి కుక్కి మళ్ళీ నీళ్ళు నింపండి. ఫ్లష్‌కి విడిగా: ట్యాంకులో బట్టల నీలిమందు వేసి నొక్కండి, కమోడ్ అడుగున నీలం కనిపిస్తుందేమో చూడండి.

మండువాఅమ్మాయి

ఇది చదివి నేను మా జాలీ కూడా ఎత్తి చూశాను. దేవుడి దయ, అంచు చుట్టూ బాగానే ఉంది. కానీ ఎంత జుట్టో!

బొండంనీళ్ళు

ఫోటో పెట్టాను చూడండి. జాలీ తీస్తే లోపల పాత నీలం రంగు టైల్ అంచు స్పష్టంగా కనిపిస్తోంది. దాని చుట్టూ తెల్ల సిమెంట్ మూడు వంతులు ఊడిపోయి ట్రాప్‌లో పడి ఉంది. వేలు పెడితే రెండు టైల్స్ మధ్యకి గోరు దూరుతోందని నాన్న చెప్పారు. మధ్యలో గమ్ము అంతా పరవకుండా ముద్దలు ముద్దలుగా పెట్టినట్టుంది.

గొట్టంతో పోసిన నీళ్ళకి కింద ఏమీ లేదు. నీలిమందు కమోడ్ దగ్గర ఎక్కడా రాలేదు. గుడ్డ లోపలికి కుక్కి పొద్దున నింపితే చీకటి పడే వేళకి మరక గీత దాటింది, రాత్రికి చుక్కలు పడ్డాయి. అమ్మ కింద గిన్నె పెట్టింది.

పంపుసెట్టు గారూ, మీకు దణ్ణం.

టైల్స్‌కొట్టు

సరే ఒప్పుకుంటున్నా, పైన సందులు కాదు. టైల్ మీద టైల్ అడిగేవాళ్ళకి ఇకమీదట రైజర్ కూడా చూపిస్తాం. గమ్ము ముద్దలుగా పెట్టడం మాత్రం దారుణం. పళ్ళ తాపీతో టైల్ అంతా పరచాలి, లేకపోతే కింద నీళ్ళు నడవడానికి మనమే రోడ్డు వేసినట్టు.

బొండంనీళ్ళు

ఇప్పుడు రిపేర్ ఎంతవరకు చేయించాలి? జాలీ చుట్టూ సరిపోతుందా?

పంపుసెట్టు

జాలీ చుట్టూ నాలుగు టైల్స్, పాతవీ కొత్తవీ రెండు వరసలూ, కింద శ్లాబు కనిపించేదాకా తీయండి. కట్టర్‌తో కోసి తీయాలి, సుత్తి వద్దు. కమోడ్ కూడా ఎత్తాలి, దాని పైపు చుట్టూ ఉన్న బొక్క మూయకపోతే రేపు ఇంకెక్కడి నీళ్ళయినా అందులోంచే దిగుతాయి. ట్రాప్‌కి రైజర్ పెట్టి సాల్వెంట్‌తో అతికించి, ఆ అతుకు బాగా ఆరాకే నీళ్ళు తగలనివ్వండి. సీపీవీసీ కుళాయి లైనుకి వాడే సాల్వెంట్ వేరు, ఈ పీవీసీకి వేరు. ఒకే డబ్బాతో రెండూ అతికించేవాళ్ళున్నారు, చూసుకోండి.

పాత_ఏఈ

రెండు మాటలు కలుపుతాను. తీసిన చోట పైపుల చుట్టూ సందుని మామూలు మాల్‌తో కాకుండా ముడుచుకోని గ్రౌట్‌తో నింపండి. దాని మీద పాలిమర్ వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు, మొదటిది నిలువుగా పూస్తే రెండోది అడ్డంగా. గోడ మూల వచ్చినచోట ఒక అడుగు పైదాకా పూయాలి. మాల్‌లో కలిపే లిక్విడ్ అయితే యాభై కిలోల బస్తాకి 200 మిల్లీలీటర్లు సాధారణంగా వాడతారు, డబ్బా మీద చూసుకోండి. ఎక్కువ పోస్తే ఎక్కువ గట్టి అనుకోవద్దు. జాలీ వైపు వాటం మీటరుకి ఒక సెంటీమీటరు తగ్గకూడదు.

టైల్స్ పెట్టకముందే ఆ పూత మీద నీళ్ళు నింపి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు ఉంచండి. అన్నీ అయ్యాక ఎలాగూ చూస్తారు. కానీ అప్పుడు దొరికితే మళ్ళీ ఇదే గొడవ.

ఇంకో అనుమానం ఉంది. రెండు టైల్స్ మధ్య ఇప్పటికే చేరిన నీళ్ళు వెంటనే ఎండవు. రిపేర్ అయ్యాక కూడా కొన్నాళ్ళు మరక కాస్త తడిగా కనిపించవచ్చు. కంగారుపడి మళ్ళీ కొట్టించకండి. గీత దాటుతోందా లేదా అన్నదే చూడండి.

లాపాయింట్ · కాకినాడ

ఖర్చు ఎవరిది? డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కిందికి వస్తుంది. జిల్లా కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయొచ్చు, మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా సలహా చెబుతారు. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మాటలు, ఆ టార్చ్ ఫోటో, గీత దాటిన ఫోటో అన్నీ తేదీలతో దాచుకోండి.

మండువాఅమ్మాయి

కేసు దాకా ఎందుకండీ, ఊళ్ళో మేస్త్రి కదా. రేపు పిట్టగోడ పగిలినా ఆయన్నే పిలవాలి.

లాపాయింట్

కేసు వేయమనలేదమ్మా, కాగితాలు ఉంచుకోమన్నాను. కాగితాలున్నవాళ్ళకే రాజీ తొందరగా కుదురుతుంది.

బొండంనీళ్ళు

ఆదివారం ఊరెళ్ళి వచ్చాను. మేస్త్రితో కూర్చుని మాట్లాడాం. జాలీ తీసి చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పండగ తొందరలో మా కుర్రాడు వదిలేశాడు బాబూ" అన్నారు. కూలీ ఆయనది, సామాను మాది అని ఒప్పందం. పాత ప్లంబర్‌ని అనవసరంగా అన్నందుకు ఆయనకి ఫోన్ కూడా చేశారు.

నాన్న మాత్రం బిల్లులో కొంత అట్టేపెట్టుకుని వానాకాలం వెళ్ళాక ఇస్తానన్నారు.

పాత_ఏఈ

మీ నాన్నగారు చేసింది పద్ధతైన పని. ప్రభుత్వ పనుల్లోనూ డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్, అంటే లోపం వస్తే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు, అయ్యేదాకా డిపాజిట్ అట్టేపెడతారు.

బొండంనీళ్ళు

పని అయిందండి. టైల్స్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి నీళ్ళు నింపి చూశారు. రెండోసారి మేస్త్రే గుడ్డ లోపలికి కుక్కి "ఫోటో తీసి మీ వాళ్ళకి పంపండి" అన్నారట. మరక గీత లోపలే ఉంది, అంచులు ఆరుతున్నాయి. పాత టైల్స్ కింద పెట్టిన ట్రాప్ మంచిదేనట, మార్చలేదు. మెట్ల గోడ టైల్స్ తీసేశాం, మిగతా పని వేసవికి. సీలింగ్‌కి రంగు ఎప్పుడు వేయించొచ్చు? దసరాకి చెల్లీ బావగారూ వస్తారు, అమ్మ ఒకటే గోల.

పాత_ఏఈ

ఒక ప్లాస్టిక్ షీటు అడుగు మేర కోసి మరక మీద నాలుగు వైపులా టేపుతో అతికించండి. మర్నాడు షీటు లోపలివైపు చెమట పట్టి ఉంటే ఇంకా ఆగాలి. ఈ వానల్లో దసరాకి ఆరుతుందని మాటివ్వలేను. చెమ్మ మీద పుట్టీ పెడితే పొక్కుతుంది.

రొయ్యలచెరువు

మా ఇంట్లోనూ టైల్ మీద టైలే, జాలీ ఎత్తి చూస్తే అదే ఖాళీ. ఇంకా మరక రాలేదు. ఆ రైజర్ ఏ సైజుది కొనాలి పంపుసెట్టు గారూ?

పంపుసెట్టు

ట్రాప్ మూతి లోపలి వెడల్పు కొలిచి ఫోటోతో సహా కొట్టుకి తీసుకెళ్ళండి, నహానీ ట్రాప్ హైట్ రైజర్ అంటే ఇస్తారు. ఎక్కువగా 110 ఎంఎంవి ఉంటాయి కానీ పాత ఇళ్ళలో వేరే సైజులూ తగులుతుంటాయి. పొడవుది కొని మీ నేల ఎత్తుకి ఆక్సా బ్లేడుతో కోయించండి. మూతి కొత్త టైల్ పైకి రాకూడదు, ఓ రెండు ఎంఎం కిందే ఉండాలి. పైకి వస్తే స్నానం నీళ్ళు జాలీ చుట్టూ నిలబడిపోతాయి.